గోళీకి మూడు మూరలు

ఇంకొక్క జేన నేస్తే చాలు. శాంతయ్య మగ్గం గుంటలో కూర్చున్నచోటనే ముందుకు వంగి, గుడ్డ మీద అరచెయ్యి చాపి, బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా కొలిచి చూసుకున్నాడు. తెల్లవారి కట్టిన ఎర్రపోగు నుంచి ఇప్పటికి ఐదు జేనలు అయినాయి, ఆరోది మిగిలింది. ఆరు జేనలంటే మూడు మూరలు, మూడు మూరలంటే డాక్టరు దొర చెప్పిన ఆరు గంటలు, ఆరు గంటలంటే గూట్లో ఆంజనేయస్వామి పటం వెనక ఉన్న గాజు గొట్టంలోంచి ఒక గోళీ, కందిగింజలో సగమైనా లేని తెల్లటి గోళీ. తడక అవతల నులకమంచం మీద జోగులమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఇంకా మూలగలేదు. మూలగలేదంటే నొప్పి రాలేదని కాదు, వచ్చిన నొప్పిని పళ్ల నడుమ పట్టుకుని ఉందని. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాత్రం తెలియని మొగుడెవడు. ఐదు జేనలు ఎట్లాగో గడుస్తాయి, ఆరో జేనే కొండ. ఆ కొండను ఇవాళ అడ్డదారి లేకుండా ఎక్కాలి. ఇంకోసారి లెక్క తప్పిందంటే ఇంటికి గోళీలు ఇచ్చే అధికారం తనకు ఉండదని డాక్టరు దొర నిన్న చెప్పనే చెప్పాడు. అప్పుడు జోగులమ్మను బండిలో వేసుకుని గద్వాల దవాఖానకు తీసుకుపోవాలి, రెండు కోసుల గుంతల బాట, వెన్నెముక దాకా పాకిన రాచపుండుతో. బండి గద్వాల చేరుతుంది. జోగులమ్మ చేరుతుందో లేదో. "సామీ, చెయ్యి నాదే కానీ దాని పట్టు నీది" అని పటం వైపు చూసి, శాంతయ్య నాడె వేశాడు.

కాలికింది పావు తొక్కితే పడుగు నోరు తెరుస్తుంది, ఆ నోట్లోంచి నాడె కుడిచేతి నుంచి ఎడమచేతికి చేపపిల్లలా జారుతుంది, పలకను గుండెల దాకా లాగి రెండు దెబ్బలు కొట్టాలి. మొదటి దెబ్బ పోగును దాని చోటికి చేరుస్తుంది, రెండోది అక్కడ కూర్చోబెడుతుంది. ఒంటి దెబ్బ గుడ్డ అంగట్ల మురిపిస్తది, రెండు దెబ్బల గుడ్డ ఒంటి మీద నిలుస్తది అని వాళ్ల నాయన అనేవాడు. ఆ మాటను శాంతయ్య జందెంలా వేసుకుని తిరిగాడు. ఠక్కు ఠక్కు, ఠక్కు ఠక్కు. ఈ చప్పుడు వింటూనే జోగులమ్మ ఎసరు పెట్టేది, ఈ చప్పుడు ఆగితే పేక కండె అయిపోయిందని తెలిసి కొత్త కండె తెచ్చి చేతికిచ్చేది. అట్లా తెచ్చి ఇచ్చినదే తరువాత తరువాత మగ్గం పక్కకే వచ్చి కూర్చుంది. గద్వాల చీర ఒంటిచేతి పని కాదు కదా. ఒళ్లు నూలు, అంచు పట్టు, నూలుపోగు అంచు దాకా పోయి పట్టుపోగు చెయ్యి పట్టుకుని మళ్లీ వెనక్కి రావాలి, ఆ పట్టుకునే చోట రెండో మనిషి కూర్చుని అంచు నాడె వేసి, పోగును పోగుకు మెలివేసి, "కానీ" అనాలి. ఆ మాట వచ్చేదాకా నేసేవాడు పలక లాగకూడదు. ఇరవై ఆరేళ్లు ఆమె "కానీ" అంటే అతను దెబ్బ వేశాడు. రోజుకు ఎన్ని వందలసార్లో. కొత్తలో ఊరి సాలెవాళ్లు నవ్వేవాళ్లు, శాంతయ్య పెండ్లాం హుకుం లేకుంటే పలక కూడ లాగడు అని. శాంతయ్య కూడా నవ్వేవాడు. ఇప్పుడు ఆ పక్క పీట ఖాళీ. పీట మీద దారపు ఉండ ఒకటి పెట్టి ఉంచాడు, ఖాళీగా కనబడకుండా. అంచు చీరలు మానేసి ఉట్టి తెల్లధోవతి పడుగు ఎక్కించాడు, ఒంటిచేతితో అయ్యేది అదొక్కటే గనుక.

తెల్లధోవతి నేసేవాడికి ఎర్రపోగు ఎందుకని బజారులో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో అతనికి తెలియదు. గడియారం లేని ఇంట్లో డాక్టరు దొర చెప్పిన ఆరు గంటలను కొలిచేది ఆ పోగే. నాలుగు నెలల కింద, జోగులమ్మ ఇంకా బండిలో కూర్చోగలిగిన రోజుల్లో, దవాఖాన బల్ల మీద ఆ మొదటి గాజు గొట్టం పెట్టి ఆయన అన్నాడు, పుండును కోసే కాలం దాటిపోయింది శాంతయ్యా, ఇగ నొప్పిని కాయాలె, ఈ మందు నొప్పిని చంపదు, నొప్పికీ మనిషికీ నడుమ తడక కడతది, అంతే. గొట్టంలో ఇరవై గోళీలు, రోజుకు నాలుగు, ఐదు రోజులకు ఒక గొట్టం, ఖాళీ గొట్టం తెస్తేనే నిండు గొట్టం. పేరు, తండ్రి పేరు, ఊరు, జబ్బు పేరు అన్నీ లావుపాటి రిజిస్టరులో రాసి, అతని చేత సంతకం పెట్టించి, ఇనప అల్మారా తాళం తీసి ఇచ్చాడు. కానూను అట్లున్నది, ఆబ్కారీ అమీను వచ్చి గోళీ గోళీకి జవాబడుగుతడు, పైగా లడాయి రోజులు, బొంబాయి నుంచి సరుకు వచ్చుడే కష్టం అని కాంపౌండరు సుభాన్ సాహెబు ఉర్దూ తెలుగు కలిపి చెప్పాడు. అన్నీ విన్న జోగులమ్మ బల్లను పట్టుకుని లేచి నిలబడి, "గిది ఏంతోని చేస్తరు సాహెబూ?" అని అడిగింది. సుభాన్ సాహెబు అబద్ధం రాని మనిషి. "నల్లమందుతోనే అమ్మా. కడిగి, వడగట్టి, తెల్లగ తీస్తరు" అన్నాడు. శాంతయ్య ఆమె చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. "తూకమేసినరా?" అంది. "తూకమెయ్యకుంట ఎట్లమ్మా? గోళీ గోళీ తూకమే. గింజెత్తు ఎక్కువ లేదు, గింజెత్తు తక్కువ లేదు." "తూకమేసిందైతే తింట" అని ఆమె మళ్లీ కూర్చుంది. డాక్టరు దొరకు ఆ మాట అర్థం కాలేదు. శాంతయ్యకు అయింది. అయినా ఇంట్లో ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు.

ఠక్కు ఠక్కు. నాలుగు వేళ్లంత అయింది. గాలి పైకప్పు తాటాకును లేపి మళ్లీ పడుకోబెడుతోంది. ఫాల్గుణం పోకముందే వడగాలి. ఇరవై ఆరేళ్ల కిందటి ఆ ఏడు కూడా ఇట్లాంటి గాలే. అప్పుడు జోగులమ్మకు పందొమ్మిదేళ్లు, ఒళ్లో ఎనిమిది నెలల పాప, పేరు పెట్టారు కానీ బుజ్జి అనే పిలిచేవాళ్లు. పాలమూరు సీమలో పని చేసే తల్లులందరూ చేసేదే వాళ్లింట్లోనూ చేశారు, పసిబిడ్డకు ఆవగింజంత నల్లమందు తల్లిపాలల్లో రంగరించి ఉగ్గుగిన్నెతో పట్టడం; బిడ్డ నిద్రపోతుంది, తల్లి కూర్చుని నూలు ఆసు పోసుకుంటుంది, మధ్యాహ్నానికి బిడ్డ లేచి నవ్వుతుంది. ఎవరూ పాపమనుకోలేదు. ఆ రోజు పొద్దున అత్త పట్టింది, కోడలికి చెప్పడం మరిచి బావికి పోయింది. కోడలు పట్టింది, అత్త పట్టిందని తెలియక. ఇద్దరూ ఆవగింజంతే పట్టారు. ఇద్దరూ ప్రేమతోనే పట్టారు. మధ్యాహ్నం దాటినా బుజ్జి లేవలేదు. వేలు ఎవరి వైపూ చూపలేదు ఎవరూ, అత్త చచ్చేదాకా కోడలిని బిడ్డా అనే పిలిచింది, కానీ జోగులమ్మ ఆ తరువాత ఇంట్లో ఒంటిగా ఉండలేక వచ్చి మగ్గం పక్కన పీట వేసుకుని అంచు నాడె పట్టింది. పట్టి ఇక లేవలేదు. మళ్లీ కడుపు పండలేదు. దేవుడు ఇచ్చిన ఒక్క బిడ్డ లెక్కలేనితనం వల్ల పోయిందని శాంతయ్య ఎన్నోసార్లు అనుకున్నాడు; ఆ రోజు ఇంట్లో ఒక గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసే అలవాటు ఉన్నా చాలు కదా, ఒక గీత కనబడితే కోడలు గిన్నె కిందపెట్టేది కదా. దవాఖానలో ఆ లావుపాటి రిజిస్టరు చూసినప్పుడు అందుకే అతనికి విసుగు రాలేదు. సర్కారువాళ్లు ఎందుకు రాస్తారో సర్కారువాళ్లకు ఎరుక, అతనికి మాత్రం ఆ గీతల మధ్య తన ఇంటి గోడ కనిపించింది.

మూలిగింది. చిన్నగా, పిల్లి తలుపు సందులోంచి పోయినంత చిన్నగా. శాంతయ్య చేతిలో నాడె ఒక్క క్షణం ఆగి మళ్లీ పరుగెత్తింది. ఒళ్లు దగ్గర పెట్టుకో అని చేతికి చెప్పుకున్నాడు. ఠక్కు ఠక్కు. ఇంకా ఎనిమిది వేళ్ల గుడ్డ. గొట్టం పటం వెనకే ఉంది, నాలుగు అడుగులు లేదు, లేచి మూత తీస్తే ఎవరు చూస్తారు, పటంలోని స్వామి తప్ప. స్వామి చూసినా ఏమంటాడు, తాను సంజీవని కోసం కొండనే పెకిలించి తెచ్చినవాడు, తూకం వేసి తెచ్చాడా? సామీ, తప్పుగా అడుగుతున్నానేమో కానీ, నొప్పిని పంపింది నువ్వే అంటారు, మందును మొక్కలో పెట్టింది కూడా నువ్వే అంటారు, మరి రెంటి నడుమ ఈ మూడు మూరలు ఎందుకు పెట్టినవు? పురాణం చెప్పే అయ్యవారిని ఒకసారి అడిగాడు, నొప్పి పూర్వజన్మ ఫలమైతే మందు వేసుడు తప్పా అని. అయ్యవారు చాలాసేపు పొడుం పీల్చి, ఆకలి కూడా పూర్వజన్మ ఫలమే అంటరు శాంతయ్యా, మరి అన్నం తింటలేమా అన్నాడు. అది మంచి జవాబే. జోగులమ్మ అడిగినదానికి మాత్రం అయ్యవారి దగ్గర కూడా జవాబు ఉండదు. "ఈ గోళీ మత్తుల ఉండంగ పానం పోతే, నోట్లకు రామనామం వస్తదా?" అని అడిగింది ఒకరోజు, రొట్టె తుంచి పాలల్లో నానవేస్తుంటే. శాంతయ్య, "నీ నోటికి రాకుంటే నా నోటితోని అంట. ఇరవై ఆరేండ్లు ఇద్దరం కలిసి ఒక్క గుడ్డ నేసినం, ఒక్క నామం ఇద్దరికి చాలదా" అన్నాడు. ఆమె నవ్వి, "నువ్వు అంచు వదిలి ఒళ్లు నేస్తవు, నిన్నెట్ల నమ్మాలె" అంది. నొప్పిలో కూడా ఎకసక్కెం ఆడే మనిషి. ఆ ఎకసక్కెమే కదా తెగకుండా ఉన్న పోగు.

మళ్లీ మూలిగింది, ఈసారి పొడుగ్గా. చేతులు వాటంతట అవే తొందరపడటం శాంతయ్యకు తెలుస్తూనే ఉంది. ఇట్లానే అయింది పోయిన గొట్టానికి. ఎట్లా అయిందో దేవుడి సాక్షిగా అతనికి తెలియదు. మూడు మూరలు కొలిచే ఇచ్చాడు, మూరకు వేలెడు తగ్గించలేదు, ప్రతిసారీ ఎర్రపోగు కట్టాకే గొట్టం ముట్టాడు. రాత్రి గోళీ చుక్కలను బట్టి ఇచ్చాడు, చుక్కలను ఎవరు తొందరపెట్టగలరు. అయినా ఐదు రోజులు రావాల్సిన గొట్టం నాలుగు రోజులకే ఖాళీ అయింది. ఆ నాలుగో రోజు సాయంత్రం దీపం పెట్టి, "ఏమే" అని పిలిస్తే ఆమె పలకలేదు, రెప్పలు లేవలేదు. డాక్టరు దొర చెప్పిన మాట గుర్తొచ్చి రొమ్ము మీద చెయ్యి పెట్టి చూశాడు. నువ్వు నిదానంగ ఊపిరి తీస్తుండు, నీవి రెండు అయ్యేలోపల ఆమెది ఒకటన్నా కావాలె, కాకుంటే గోళీ ఆపి నాకు మనిషిని పంపు అని చెప్పాడాయన. శాంతయ్యవి మూడు అయ్యాక ఆమెది ఒకటి అయింది. మళ్లీ మూడుకు ఒకటి. మనిషిని పంపుదామని వాకిట్లోకి ఉరకబోయేంతలో ఆమె కదిలి, "బుజ్జి లేచిందా" అంది. అంతే. ఆ తరువాత మామూలుగా ఊపిరి తీసింది. ఆ మాట అన్నట్టు ఆమెకు తెలియదు, అతను చెప్పలేదు.

ఆ మర్నాడు గోళీ లేని రోజు. పక్కింటి జములమ్మ ఆ మూలుగు వినలేక రొట్టె పళ్లెంతో పాటు కొంగు ముడిలో ఇత్తడి డబ్బీ తెచ్చింది. సర్కారు ఠేకా దుకాణంలో నల్లమందు తులం దాటకుండా కొని, మోకాళ్ల నొప్పులకని రోజూ ఇంత నోట్లో వేసుకునే మనిషి ఆమె. "సర్కారు గోళీకి చీటీ కావాలె, సంతకం కావాలె, ఖాళీ సీసా కావాలె, దొర గారి దయ కావాలె. నా దానికి నోరు తెరిస్తే చాలు. ఎయ్యి శాంతయ్యా, ఇంత పప్పుబద్దంత ఎయ్యి" అంది. ఎంత? పప్పుబద్దంత అంటే ఎవరి పప్పు, ఏ బద్ద? అనుకుంటూనే తీసుకున్నాడు, అబద్ధమెందుకు, తీసుకుని మంచం దాకా పోయాడు. జోగులమ్మ వాసన పట్టింది. ముఖం గోడవైపు తిప్పుకుని, "గది నా ఇంట్లకు రానియ్యకు. నొప్పి నేను పడ్త. నువ్వు గద్వాలకు పో" అంది. జములమ్మ డబ్బీ మూసి కొంగు ముడి వేసుకుని, మంచం పక్కన కూర్చుని ఆమె కాళ్లు ఒళ్లో పెట్టుకుంది. శాంతయ్య గద్వాలకు పరుగులాంటి నడక నడిచాడు.

సుభాన్ సాహెబు చీటీ చూసి తలెత్తాడు. "ఏంది శాంతయ్యా, తారీఖు రేపుండె. గోళీలు ఏమన్న కోడిపిల్లలా, గద్ద ఎత్తుకపోనీకె?" అన్నాడు మొదట నవ్వుతూ. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నాలుగు గోళీల లెక్క అది. నాలుగు గోళీలకు ఒక కాంపౌండరు నౌకరీ పోవచ్చు, ఒక డాక్టరు జవాబు రాసుకోవాలి. డాక్టరు దొర అరవలేదు, అరిచినా బాగుండేది. మూడు మూరలకే ఇచ్చానని శాంతయ్య పటం మీద ఒట్టు వేసినట్టు చెబితే, "గట్లనా? మరి ఆ గుడ్డ ఉన్నదా?" అని అడిగాడు. ఉంది. అమ్మితే నూకలన్నా కొనవచ్చని నేసినంతా కోసి భుజాన వేసుకుని వచ్చాడు. డాక్టరు దొర ఆ గుడ్డను విప్పి కిటికీకి అడ్డంగా పట్టుకున్నాడు. శాంతయ్య ఇప్పుడు పలక లాగుతూ ఆ కిటికీని మనసులో మళ్లీ చూశాడు. ఎర్రపోగు దాటాక ఐదు జేనలు గుడ్డ గోడలాగా వెలుతురును ఆపింది. ఆరో జేనలో వెలుతురు వడగట్టినట్టు కారింది. మళ్లీ ఎర్రపోగు, మళ్లీ గోడ, మళ్లీ జల్లెడ. రోజులు గడిచినకొద్దీ గోడ కురచైంది, జల్లెడ పొడుగైంది, చివరి రోజు గుడ్డ దోమతెర. తన చేతులే నేశాయి అది. కళ్లముందే నేశాయి, కళ్లు తడక వైపు ఉన్నాయి. ఆమె మూలిగినప్పుడల్లా చెయ్యి రెండో దెబ్బను మింగింది. ఒంటి దెబ్బకు పోగులు దూరదూరంగా పడ్డాయి, మూర తొందరగా నిండింది, గోళీ తొందరగా నోట్లో పడింది. పగలు రెండు పడాల్సిన చోట మూడు. నాయన జందెంలాంటి మాట తెగిపోయినా అతనికి తెలియలేదు. "ఇక్కడ మూలిగింది," అన్నాడు డాక్టరు దొర పలచటి చోటు మీద వేలు పెట్టి. "ఇక్కడ మూలిగింది. ఇక్కడ శానా మూలిగింది." సుభాన్ సాహెబు కిటికీ వైపు నుంచి ముఖం తిప్పుకున్నాడు. శాంతయ్య ఏడ్చాడు. సిగ్గుకు ఏడ్చాడో, ఆ మూలుగులన్నీ ఒక్కసారి కనబడ్డందుకు ఏడ్చాడో.

"నువ్వు దొంగవు కాదని నాకు ఎరుకైంది," అన్నాడు డాక్టరు దొర రిజిస్టరు తెరిచి, "కానీ ఇందుల ఏమని రాయాలె? నేతగాని చెయ్యి వదులైందని రాయాల్నా?" రాశాడు. ఏదో రాశాడు, తన పూచీ మీద కొత్త గొట్టం ఇచ్చాడు, ఇదే ఆఖరుసారి అన్నాడు, గోళీలు దగ్గర దగ్గరగా పడితే ఊపిరే నిద్రపోతది, నిన్న నువ్వు చూసింది గదే అన్నాడు. గడియారం ఒకటి అడిగి ఇప్పిస్తానన్నాడు కూడా. శాంతయ్య వద్దన్నాడు. "గడియారం ఇస్తే దాని ముల్లు గూడ తిప్పుతనేమో దొరా. మగ్గమే నయం. తప్పు చేస్తే గుడ్డల కనబడ్తది." దొర గుడ్డను మడిచి అతని చేతికిచ్చి, అయితే ఈసారి ఖాళీ గొట్టంతో పాటు గుడ్డ కూడ తెచ్చి చూపియ్యి అన్నాడు.

నాలుగు వేళ్ల గుడ్డ మిగిలింది. ఇప్పుడు మూలుగు కాదు, ఊపిరి పీల్చేటప్పుడల్లా పళ్ల సందునుంచి ఈలలాంటి చప్పుడు. వినకు. విను, కానీ చేతికి వినిపించకు. పావు, నాడె, ఠక్కు ఠక్కు. పావు, నాడె, ఠక్కు ఠక్కు. బుజ్జి చెవులకు పెట్టిన పోగులు ఆమె ఇంకా చెక్కపెట్టెలో దాచుకుంది. వినకు. ఈ ధోవతి ఎవరు కట్టుకుంటారో, ఏ పెండ్లిలోనో ఏ పూజలోనో, కట్టుకున్నవాడికి ఈ ఎర్రపోగుల సంగతి తెలియదు. పావు, నాడె, ఠక్కు. పావు, నాడె—

"ఒక దెబ్బ మింగినవు."

తడక అవతలి నుంచి, తెగుతున్న గొంతుతో, కానీ తేటగా. శాంతయ్య చేతులు ఆగిపోయాయి. "నీకు ఎట్ల తెలిసె?" అన్నాడు. "ఇరవై ఆరేండ్లు నీ పక్కన కూసున్న దాన్ని. మగ్గం అబద్ధమాడితే నాకు తెల్వదా?" కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "పోయిన వారమంత ఇనుకుంటనే ఉన్న. చెప్పుదామనుకున్న. నోరు రాలే. గోళీ జల్ది వస్తదని ఆశ." అంది. ఆ ఆశ అనే మాట దగ్గర ఆమె గొంతు చిన్నపిల్లది అయింది. శాంతయ్యకు లేచి పోయి ఆ తలను ఒళ్లో పెట్టుకోవాలనిపించింది. "తీసెయ్ ఆ పోగు" అంది. తీశాడు. చివరి పోగును వెనక్కి లాగి, మళ్లీ పావు తొక్కి, మళ్లీ నాడె వేసి, పలక మీద చెయ్యి పెట్టి ఆగాడు. ఎందుకు ఆగాడో చేతికే తెలుసు. అవతల మంచం కిర్రుమంది. ఆమె ఇటువైపు తిరుగుతోంది, తిరగడమంటే ఇప్పుడు ఆమెకు ఒక ప్రయాణం.

"కానీ" అంది జోగులమ్మ.

ఠక్కు ఠక్కు.

పావు, నాడె. ఆగాడు. ఆమె నొప్పిని అంతటినీ ఒక పక్కకు నెట్టి, పోగును పోగుకు మెలివేస్తున్నట్టు కొంచెం సేపు తీసుకుని, "కానీ" అంది. ఠక్కు ఠక్కు. ఖాళీ పీట మీది దారపు ఉండను శాంతయ్య కిందికి దించి పెట్టాడు. తొందర అతనిది కాదు ఇప్పుడు, ఆమె చేతిలో ఉంది. గోళీ కావాల్సిన మనిషే గోళీకి దూరాన్ని కొలుస్తోంది. ఒక్కో "కానీ"కి మధ్య ఎంత ఎడమంటే, ఇంటి వెనక కోడి గింజ వెతుక్కుని, దొరకబుచ్చుకుని, మళ్లీ వెతుక్కునేంత. ఒకసారి మాట రాలేదు. అతను ఆగాడు. మాట వచ్చింది. ఇంకోసారి "కానీ"తో పాటు ఒక బూతుమాట కూడా వచ్చింది, ఆ పుండును తిట్టింది, ఆమె నోట ముప్పై ఏళ్లలో వినని తిట్టు, ఇద్దరికీ నవ్వొచ్చింది. మూడు వేళ్లు. రెండు వేళ్లు. సామీ, ఈ మూడు మూరలు ఎందుకు పెట్టినవని అడిగాను కదా, జవాబు చెప్పకున్నా మంచిదే, ఇట్లనే కూర్చోబెట్టు ఇంకాసేపు, అనుకోబోయి, ఆమె నొప్పి గుర్తొచ్చి చెంపలు వేసుకున్నాడు. ఒక వేలు. ఈ చివరి నాలుగు వేళ్ల గుడ్డ అతని జన్మలో నేసిన గుడ్డలన్నిటికంటే చిక్కగా ఉంది, గోరు దిగదు. ఎర్రపోగు కట్టాడు.

గుంటలోంచి లేచేసరికి మోకాళ్లు పట్టేసినాయి. నేసిన గుడ్డ చుట్టుకునే దోనె మీది చుట్టు విప్పి, మోచెయ్యి ఆనించి వేళ్లకొస దాకా మూడుసార్లు కొలిచాడు, రెండుసార్లు సరిచూశాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని, పటానికి దండం పెట్టి, గొట్టం మూత తీసి ఒక్క గోళీ తీసి, ఉగ్గుగిన్నెలో వేసి నీళ్లు పోశాడు. ఇరవై ఆరేళ్లు పెట్టె అడుగున ఉన్న గిన్నె. మొదటి గోళీ రోజు జోగులమ్మే తీసి ఇచ్చింది, ఇందులో తూకం మందు కూడ ఒకసారి పడనీ అని. గోళీ కరిగింది. మంచం మీద వంగి ఆమె తల కింద చెయ్యి పెట్టాడు. ఆమె వెంటనే నోరు తెరవలేదు. చెమటతో తడిసిన ముఖంతో అతని మోచేతి వైపు చూసి, "నీ మూరతోని కొలిచినవా?" అంది.

"మరి ఎవరి మూరతోని కొలవాలె?"

"నాది నీ మూర కంటె బెత్తెడు తక్కువ. నా మూరతోని అయితే ఎప్పుడో అయిపోయిండె."

"మరి ముందుగాల చెప్పొద్దా?"

"చెప్తే ఇంటవని చెప్పలే" అంది జోగులమ్మ, నోరు తెరిచింది.

ఒక్క చుక్క కింద పడకుండా పట్టాడు. గిన్నె కడిగి బోర్లించాడు. మందు తన తడక కట్టడానికి కొంత సమయం పడుతుంది, అదీ దొర చెప్పిందే. అంతదాకా ఆమె వేళ్లు అతని వేళ్లలో గట్టిగా ఉన్నాయి. తరువాత ఒక్కొక్క వేలే వదులైంది. నుదుటి మీది గీతలు ఒకటి తరువాత ఒకటి ఎవరో చేత్తో తుడిచినట్టు పోయాయి, కింద పందొమ్మిదేళ్ల ముఖం ఒకటి కొంచెం సేపు కనబడి మళ్లీ నలభై ఐదేళ్ల ముఖంలోకి పోయింది. రొమ్ము మీద చెయ్యి పెట్టి, తన ఊపిరిని నిదానంగా తీస్తూ చూశాడు. అతనిది ఒకటి, ఆమెది ఒకటి. అతనిది ఒకటి, ఆమెది ఒకటి.

తడకను పక్కకు జరిపి పెట్టాడు, మగ్గంలోంచి మంచం కనబడేటట్టు. గుంటలో దిగి కూర్చుని, సాయంత్రం గోళీకి మొదటి పోగు వేద్దామని పావు తొక్కి నాడె వేశాడు. వేసి, పలక మీద చెయ్యి పెట్టి, అలవాటు కొద్దీ ఆగాడు. మాట రాదని తెలుసు, నిద్రపోతోంది. మాట రాలేదు. ఆమె కప్పుకున్న దుప్పటి లేచింది, దిగింది. శాంతయ్య పలక లాగాడు. ఠక్కు ఠక్కు. పావు, నాడె, ఆగాడు. దుప్పటి లేచింది, దిగింది. ఠక్కు ఠక్కు.